చదరంగం గింజల లెక్క: చివరి అంకె 5

సంపాదకులకు నమస్కారం.

చదరంగం బల్ల మీద గింజల లెక్క పిల్లల పేజీల్లో అడపాదడపా వస్తూనే ఉంటుంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇలా 64 గడులూ నింపితే మొత్తం ఎన్ని? జవాబు ఒక్కోచోట ఒక్కోలా అచ్చవుతోంది. సరైనది 1,84,46,74,40,73,70,95,51,615. చివర 616 వేసినా, సున్నాలు వేసినా తప్పే.

616తో ముగిసేది 65వ గడి అంటూ ఉంటే అందులో పడే గింజల సంఖ్య. ఏ గడిలోనైనా అంతకుముందు గడులన్నిటి మొత్తం కంటే ఒక గింజ ఎక్కువ ఉంటుంది: 1, 2, 4 కలిపితే 7, తర్వాతి గడిలో 8. అందుకే ఒకటి తీసేయాలి. సున్నాలకు కారణం ఎక్సెల్. అది 15 అంకెలకు మించి చూపించదు, 18446744073709600000 అని ఇస్తుంది.

కాగితం మీద చేయడం కష్టమేమీ కాదు. 33వ గడిలో 4294967296 గింజలు. దాన్ని దానితోనే గుణిస్తే, అంటే వర్గం చేస్తే, 65వ గడి సంఖ్య వస్తుంది. అందుకు దాన్ని 42949, 67296 అని విడగొట్టి వర్గం చేయాలి. 42949 వర్గం 1844616601, దాని పక్కన పది సున్నాలు. రెండు భాగాల లబ్ధానికి రెట్టింపు 5780591808, పక్కన అయిదు సున్నాలు. 67296 వర్గం 4528751616. మూడూ కూడి, ఒకటి తీసేస్తే చాలు. ఎక్కువమంది తప్పేది ఆ సున్నాల దగ్గరే.

ఈ సంఖ్య, లెక్కలను తెలుగు పద్యాల్లో రాసిన మన పావులూరి మల్లన పద్యంలోనే ఉంది. 'శర శశి షట్క చంద్ర' అని మొదలవుతుంది: 5, 1, 6, 1. భూతసంఖ్యల్లో, అంటే అంకెలకు బదులు మాటలు వాడే పద్ధతిలో, అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి కనుక పద్యంలో మొదటి మాటే సంఖ్యలో చివరి అంకె. ముగింపులో పద్మజాస్య, కుంజర, తుహినాంశు: బ్రహ్మ ముఖాలు 4, దిగ్గజాలు 8, చంద్రుడు 1. ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పలేదు, ఛందస్సూ చెడలేదు. లెక్కతో పాటు ఆ పద్యమూ వేస్తే పిల్లలకు ఎంత బాగుంటుంది!

కారణాంకాలూ అందమైనవే: 3, 5, 17, 257, 65537, 4294967297. ఈ చివరిదాన్ని గణితవేత్త ఫెర్మా ప్రధాన సంఖ్య అనుకున్నాడు. అది 641 × 6700417 అని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. అంటే మొత్తం ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాదు. కాబట్టి ఒక్కోదాన్ని తీసుకోవడమో వదిలేయడమో చేస్తే, అంటే ఏడు రెండ్లను గుణిస్తే, మన సంఖ్యను నిశ్శేషంగా భాగించేవి సరిగ్గా 128.

ప్రూఫులు దిద్దేవారికి ఒక మాట. అంకెలన్నీ కూడితే 87 రావాలి. అదొక్కటే చాలదు, అంకెలు తారుమారైనా 87 మారదు. కుడి నుంచి బేసి స్థానాల అంకెలు కూడితే 62, సరి స్థానాలవి కూడితే 25. పక్కపక్క అంకెలు అటూఇటూ అయితే ఇక్కడ దొరికిపోతాయి.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు, తెనాలి