గీత దాటిన కార్మికుణ్ని ఈఎస్ఐ వదిలేయకూడదు

సంపాదకుడు గారికి,

నెల జీతం 21 వేలు దాటని కార్మికులకు వర్తించే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఈఎస్ఐ. దాని వేతన పరిమితిని 30 వేలకు పెంచాలన్న ప్రతిపాదనపై పోయిన వారం మీరు వేసిన చర్చలో, బీమాను తప్పనిసరి చేయొద్దు, ఇష్టమున్నవాళ్లే చేరతారన్న వాదన చదివి ఊరుకోలేక రాస్తున్నాను. ఇష్టానికి వదిలేస్తే జబ్బున్నవాళ్లే చేరతారు. పాతికేళ్ల కుర్రాడి చందా కలిస్తేనే యాభై దాటినవాడి గుండె ఆపరేషన్‌కు డబ్బుంటుంది.

భారం అంటున్నారు. 21,000 జీతంపై కార్మికుడి 0.75 శాతం 158 రూపాయలు, యజమాని 3.25 శాతం 683. ఈ 841తో భార్యాబిడ్డలకూ, ఆధారపడ్డ తల్లిదండ్రులకూ వైద్యం. ప్రైవేటు పాలసీ అయితే పాత జబ్బుకు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. పైగా 2019 జులైలో యజమానుల వాటా 4.75 నుంచి 3.25కి తగ్గించారు. ఆ మిగులు ఇన్నేళ్లూ వాళ్లకే దక్కింది.

అయితే గీతను 30 వేలకు జరిపినంత మాత్రాన సమస్య తీరదు. 2017 జనవరిలో 15 వేల నుంచి 21 వేలకు జరిపారు, ఏమైంది? ఇంక్రిమెంటుతో మే నెలలో 21,200 అయినవాడికి సెప్టెంబరు దాకా పూర్తి జీతంపై చందా కోస్తారు, అక్టోబరు నుంచి ఆపేస్తారు, మరుసటి జూన్ 30తో వైద్యం ఆగిపోతుంది. ఇంట్లో తండ్రి డయాలసిస్ మీద ఉన్నా అంతే. ఆ రెండొందలు వద్దని బతిమాలుకునే కార్మికులున్నారు. పీఎఫ్‌లో 15 వేలు దాటిన సభ్యుడు ఆ 15 వేల మీదే కడుతూ కొనసాగుతాడు. ఈఎస్ఐలోనూ ఒకసారి చేరినవాణ్ని పరిమితి మేరకు కట్టించుకుని ఉంచాలి. అసలు సంస్కరణ ఇది.

కాంట్రాక్టరు మారినప్పుడల్లా కార్మికుడి పాత ఐపీ నంబరు (ఈఎస్ఐ బీమా నంబరు) అడక్కుండా కొత్తది తీయడం ఇంకో అన్యాయం. చందా రోజులు రెండు నంబర్ల కింద చీలిపోయి, ఆర్నెల్లలో 78 రోజులు నిండవు. జబ్బుపడి సెలవు పెడితే 91 రోజుల దాకా రావాల్సిన 70 శాతం కూలి పోతుంది. చేరిన రోజే ఆధార్‌తో పాత నంబరు వెతికి, ఇంటివాళ్ల పేర్లు ఎక్కించాలి. ఎక్కించకపోతే డిస్పెన్సరీ కౌంటర్లో భార్యను వెనక్కి పంపేస్తారు.

ఇక డిస్పెన్సరీలు. ఖర్చులో ఎనిమిదింట ఏడు వంతులు ఈఎస్ఐ కార్పొరేషన్‌ది, ఒక వంతు రాష్ట్రానిది, నడిపేది రాష్ట్రం. మందుల్లేవని అడిగితే ఒకరు రెండోవారిని చూపిస్తారు. 2019లో తెలంగాణలో మందుల కొనుగోళ్ల వ్యవహారం ఏసీబీ అరెస్టుల దాకా వెళ్లింది, మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. అది కార్మికుల కూలిలో కోసిన డబ్బు. ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందో చెప్పే అధికారి ఈ రోజుల్లో ఒక్కరూ కనిపించరు. పరిమితి పెంచే ఉత్తర్వుతోపాటే ప్రతి డిస్పెన్సరీ గోడ మీద ఆ వారం మందుల నిల్వ రాసి పెట్టాలని ఆదేశించాలి.

– పేరోల్ విభాగం ఉద్యోగి, జీడిమెట్ల