రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య ఆగిపోయిన పీహెచ్‌డీ

సంపాదకులకు నమస్కారం.

నేను హనుమకొండలో 31 ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను. వాళ్లది ఉట్నూరు దగ్గర గోండు గూడెం. చెల్లెలికి సికిల్ సెల్ అనే, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు. చలికాలం వస్తే చాలు, కాళ్లూ నడుమూ పట్టేసి ఆ పిల్ల రాత్రంతా ఏడుస్తుంటే పక్కన కూర్చుని పెరిగినవాడు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక, ఆ రక్తకణం ఎందుకు గట్టిపడుతుంది, ఎంతసేపట్లో గట్టిపడుతుంది అన్నదాని మీదే పీహెచ్‌డీ చేస్తానన్నాడు.

ఇంటర్వ్యూలో ఫిజిక్స్ వాళ్లు ‘ఇది జువాలజీ పని, అటు వెళ్లు’ అన్నారట. జువాలజీ వాళ్లేమో ‘పీజీలో బయాలజీ లేదు కదా, ఎట్లా తీసుకుంటాం’ అన్నారట. అట్లా రెండేళ్లు పోయాయి. ఇప్పుడు గ్రూప్స్ కోచింగ్‌లో ఉన్నాడు.

అతను అడిగింది అచ్చమైన ఫిజిక్స్ ప్రశ్న. హిమోగ్లోబిన్ అమైనో ఆమ్లాల గొలుసులతో తయారైన ప్రొటీన్. ఈ జబ్బులో దాని బీటా గొలుసు 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం బదులు వాలీన్ అనే ఇంకొకటి ఉంటుంది. తేడా అంతే. ఆక్సిజన్ వదిలేశాక ఆ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగులు కడతాయి, కణం కొడవలిలా వంగుతుంది. అయితే పోగులు వెంటనే కట్టవు, కొంత వ్యవధి పడుతుంది. హిమోగ్లోబిన్ గాఢత కాస్త పెరిగినా ఆ వ్యవధి ఎన్నో రెట్లు తగ్గిపోతుందని 1974లో హాఫ్రిక్టర్, ఈటన్ బృందం కొలిచి చూపింది. ఆ వ్యవధి ముగిసేలోపే కణం సన్నటి నాళాలు దాటి ఊపిరితిత్తులు చేరితే గండం గడిచినట్టే. ఒంట్లో నీరు తగ్గితే కణంలో గాఢత పెరుగుతుంది. ఈ పిల్లలను డాక్టర్లు నీళ్లు బాగా తాగమనేది అందుకే. ఆ అబ్బాయికి ఇది చెప్పిన రోజు చాలాసేపు మాట్లాడలేదు. ‘సార్, మా అమ్మకు ఇది గోండిలో చెప్పాలి’ అన్నాడు.

జి.ఎన్. రామచంద్రన్ ఫిజిక్స్ మనిషే. మద్రాసులో పక్కనే ఉన్న తోళ్ల పరిశోధన సంస్థ నుంచి కంగారూ తోక స్నాయువు తెప్పించుకుని, ఎక్స్‌రేలతో చూసి, 1954లో గోపీనాథ్ కార్తాతో కలిసి కొల్లాజెన్ (చర్మం, ఎముకల్లో ఉండే ప్రొటీన్) నిర్మాణం ప్రతిపాదించారు. పక్క సంస్థ గడప తొక్కడమే మొదటి మెట్టు అయింది. మన వరంగల్, హనుమకొండల్లో నిట్, కాకతీయ మెడికల్ కాలేజీ రెండూ 1959లో వచ్చినవే, కాకతీయ యూనివర్సిటీ 1976లో వచ్చింది. ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఆటోలో వెళ్లొచ్చు.

నిబంధనలు అడ్డమని నేననుకోను. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు వేరే డిపార్ట్‌మెంట్ నుంచి, వేరే సంస్థ నుంచి కూడా కో-సూపర్‌వైజర్‌ను, అంటే రెండో గైడ్‌ను ఒప్పుకుంటున్నాయి. కోర్స్ వర్క్‌కు, అంటే పీహెచ్‌డీలో భాగంగా చదవాల్సిన పాఠాలకు, కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. అందులో సగం అవతలి సబ్జెక్టులో చేయించండి. ఫిజిక్స్ స్కాలర్ తన చేత్తో స్లైడు మీద రక్తం పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద కణాలు లెక్కపెట్టాలి. మొదటి పది స్లైడ్లు పాడవుతాయి, పాడవనివ్వండి. జువాలజీ స్కాలర్ కొలతలో తప్పు ఎంతుందో తానే లెక్కగట్టాలి, చిన్న ప్రోగ్రాం తానే రాసుకోవాలి. ఇద్దరూ కొన్ని రోజులు ఎంజీఎం ఆస్పత్రి ఓపీలో కూర్చుని రోగుల మాట వినాలి. అన్నిటికంటే ముందు, ఇంటర్వ్యూ బోర్డులో రెండు డిపార్ట్‌మెంట్ల వాళ్లూ ఒకే బల్ల ముందు కూర్చోవాలి. ఈ ఒక్కటి జరిగి ఉంటే ఆ అబ్బాయి ఇవాళ ల్యాబ్‌లో ఉండేవాడు.

2047 నాటికి సికిల్ సెల్‌ను నిర్మూలిస్తామని 2023 జూలైలో కేంద్రం మిషన్ మొదలుపెట్టింది. గూడేల్లో రక్తపరీక్షలు జరుగుతున్నాయి, కార్డులు ఇస్తున్నారు. సంతోషం. ఆ గూడెం నుంచే వచ్చి దీన్ని పరిశోధిస్తానన్నవాడికి కూడా చోటు చూపించాలి కదా.

వరంగల్‌లో ఏ సంస్థ ఇట్లాంటి కోర్స్ వర్క్ పెట్టినా, బయాలజీ స్కాలర్లకు లెక్కలు, ఫిజిక్స్ చెప్పడానికి ప్రతి శనివారం నేను వస్తాను. జీతం అక్కర్లేదు, ఒక బోర్డు ఉంటే చాలు. వచ్చే నోటిఫికేషన్‌కు మళ్లీ అప్లై చేయమని ఆ అబ్బాయికి నిన్ననే ఫోన్ చేసి చెప్పాను.

– విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకుడు, హనుమకొండ