చేపలు మూగవి కావు, వాటి గొంతులు ఇప్పుడే రికార్డ్ చేసి దాచాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

సముద్రం గురించి ఏ వ్యాసం వచ్చినా నీళ్ల కింద అంతా నిశ్శబ్దం అనో, చేపలు మూగజీవాలు అనో ఒక మాట తగులుతూనే ఉంటుంది. అది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది అండి, ఎందుకంటే నేను చేసేది సౌండ్ ఎడిటింగ్ పని, కొన్నేళ్లుగా ఖాళీ దొరికితే చాలు హైడ్రోఫోన్ (నీళ్లలోకి దించే మైకు) రికార్డింగులు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ ఉంటాను, ఇంతవరకు ఒక్క దాంట్లో కూడా నిశ్శబ్దం దొరకలేదు. వెచ్చటి సముద్రాల్లో అయితే ఎండు కొమ్మలు అంటుకున్నట్టు ఒకటే చిటపట, అది స్నాపింగ్ రొయ్యలు గోళ్లు టక్కున మూసే చప్పుడు. ఆ చిటపట కింద, అంటే బాగా బేస్‌లో, డోలు మీద వేళ్లతో కొట్టినట్టు వినపడేవి చేపలు.

చేపకి మనలాగా స్వరపేటిక లేదు గానీ చాలా జాతులకి కడుపులో గాలితిత్తి ఉంటుంది కదా, దాని పక్కనున్న కండరాలు గబగబా బిగిసి వదులవుతుంటే ఆ తిత్తి డ్రమ్ములా మోగుతుంది. టోడ్‌ఫిష్ అనే చేపలో ఈ కండరాలు సెకనుకి 200 సార్లు దాకా కదలగలవు, వెన్నెముక ఉన్న జంతువుల్లో అంత వేగంగా కదిలే కండరాలు చాలా అరుదు. కొన్ని క్యాట్‌ఫిష్‌లు రెక్క ముల్లుని దాని కీలులో రాపాడించి చప్పుడు చేస్తాయి, ఇంకొన్ని గొంతులోని పళ్లు కొరుకుతాయి. జతకి పిలవడానికి, నా చోటు వదిలి పో అనడానికి, భయపడినప్పుడు, ఇలా ఒక్కో సందర్భానికి ఒక్కో చప్పుడు. పాత రిపోర్టులన్నీ జల్లెడ పట్టి 2022లో లెక్క తీస్తే సొంతంగా చప్పుడు చేస్తాయని ఆధారం దొరికిన జాతులే దాదాపు 1000 తేలాయి, మొత్తం చేప జాతులు 30 వేలకు పైనే ఉన్నాయి, మిగతా వాటిలో చాలావాటిని సరిగ్గా విన్నవాళ్లే లేరు.

నేను ఈ ఉత్తరం రాస్తున్నది మాత్రం ఆ వింత చెప్పడానికి కాదు. చేపలు ఎక్కడ గుడ్లు పెడుతున్నాయి, ఎప్పుడు పెడుతున్నాయి అనేది వాటిని పట్టి కోయకుండా తెలుసుకునే దారి ఇది. బ్యాటరీతో నడిచే రికార్డర్‌ని బరువు కట్టి అడుగున వదిలేస్తే ప్రతి గంటలో కొన్ని నిమిషాలు చొప్పున నెలల తరబడి రికార్డ్ చేస్తూనే ఉంటుంది, రాత్రి, తుఫాను, బురద నీళ్లు, దానికి ఏదీ అడ్డం కాదు. కెమెరాకి గానీ డైవర్‌కి గానీ అది కుదరదు. నీళ్లలో శబ్దం సెకనుకి దాదాపు 1500 మీటర్లు పోతుంది, అంటే గాలిలో కంటే నాలుగు రెట్లకి పైగా వేగం, పైగా వెలుతురు ఆగిపోయిన చోట కూడా శబ్దం చాలా దూరం సాగుతుంది.

మెక్సికోలో కొలరాడో నది సముద్రంలో కలిసే చోట గల్ఫ్ కార్వినా అనే చేప ప్రతి వసంతంలో చంద్రుడి లెక్క ప్రకారం లక్షల్లో వచ్చి ఒకేచోట గుడ్లు పెడుతుంది. 2014లో అక్కడ రికార్డ్ చేసి 2017లో వివరాలు బయటపెట్టారు, 15 లక్షల దాకా చేపలు, అందులో మగవన్నీ కలిసి చేసే గోల 202 డెసిబెల్స్ (నీళ్లలో డెసిబెల్ లెక్క వేరు, దీన్ని మన స్పీకర్ల డెసిబెల్స్‌తో పోల్చకూడదు), దగ్గర్లో ఉన్న డాల్ఫిన్ల చెవులకి దెబ్బ తగిలేంత గోల అది. ఆడచేపకి వినపడాలని వేసే ఆ కేకే పడవ అడుగులోంచి జాలరికి కూడా వినపడి వలకి దారి చూపిస్తుంది. అందుకే నా అభిప్రాయం ఏంటంటే రికార్డింగులు అందరికీ తెరిచి పెట్టాలి గానీ, ఈ సీజన్‌లో ఈ రాత్రి చేపలు ఎక్కడ గుంపు కట్టాయి అన్నది మాత్రం బయటపెట్టకూడదు, అది వేట ఆపే తేదీలు నిర్ణయించేవాళ్ల చేతిలోనే ఉండాలి.

దీనికి హద్దులు లేవని కాదు. చాలా జాతుల్లో కూసేది మగచేపే, కొన్ని అసలు నోరే విప్పవు, నీళ్లు వేడెక్కితే కూత మారుతుంది, కాబట్టి కూతలు లెక్కపెట్టి ఇన్ని చేపలు అనేయడం తొందరపాటు. ఏ కూత ఏ చేపదో కళ్లతో చూసి ఖాయం చేసినవాళ్లు లేకపోతే ఎంత గొప్ప కంప్యూటర్ ప్రోగ్రామ్ అయినా ఊహలే చెప్తుంది. ఆ కష్టమైన పని అమెరికాలో మేరీ పోలాండ్ ఫిష్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు చేశారు, రెండో ప్రపంచ యుద్ధంలో నీటి మైకులు పెట్టిన నేవీ వాళ్లకి చేపల చప్పుడు అడ్డం రావడంతో ఈ విషయం మీద అందరికీ పట్టింపు పెరిగింది, ఆవిడ ఒక్కో చేపనీ విని, రాసి, టేపులు దాచి పెట్టారు. ఇవాళ్టి వాళ్లు పోల్చి చూసుకోగలుగుతున్నారంటే అలా దాచినవాళ్ల వల్లే.

నా భయం అంతా ఈ దాచడం గురించే. చేపల కూతలు ఎక్కువగా 1000 హెర్ట్జ్ లోపు ఉంటాయి, ఓడల ఇంజిన్ల రొద కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. స్టూడియోలో అయితే రెండు గొంతులు ఒకే ఫ్రీక్వెన్సీలో పడితే ఒకదాన్ని తగ్గిస్తాం, సముద్రంలో ఆ బటన్ లేదు, చేప పిలుస్తూనే ఉంటుంది గానీ ఆ పిలుపు పక్క చేపకి చేరదు. ఇవాళ రికార్డ్ చేయని చోటు రేపు ఓడల దారి అయిపోతే, అక్కడ ముందు ఎలా వినపడేదో తర్వాత ఎన్ని డబ్బులు పెట్టినా తెలియదు. మైకులు ఉన్నాయి, మెమరీ చవకైంది, ఫైళ్లు మాత్రం ప్రాజెక్ట్ అయిపోగానే ఏదో హార్డ్‌డిస్క్‌లో పడి పాడైపోతాయి, ఇది నా పనిలో కళ్లారా చూశాను, ఎంతో కష్టపడి తీసిన టేపులు పేరు, తేదీ రాయకపోవడం వల్ల పనికిరాకుండా పోయాయి.

అందుకని మీకు నా విన్నపం, ఈ విషయం మీద ఒక మంచి వ్యాసం వేయించండి, చేపల్ని మూగవి అనడం మానేయండి. ఏ నీళ్లలో అయినా సరే, ఎప్పుడైనా మైకు దించి రికార్డ్ చేసినవాళ్లు మీ పాఠకుల్లో ఉంటే ఆ ఫైల్ చెరపొద్దని చెప్పండి, బాగా వచ్చిందా లేదా అని చూడొద్దు, చోటు, తేదీ, టైము, ఎంత లోతు, ఏ మైకు అనేవి పక్కన రాసి ఉంచమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు