మాల్గుడికి తెలుగు సబ్‌టైటిల్స్ వేయించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ ఆదివారం పేజీలో పాత దూరదర్శన్ సీరియళ్ల గురించి రాశారు, బానే ఉంది, కాకపోతే రామాయణం మహాభారతం గురించి పేజీ నిండా రాసి మాల్గుడి అనే కల్పిత ఊరి మీద ఆర్.కె. నారాయణ్ రాసిన కథలతో హిందీలో వచ్చిన మాల్గుడి డేస్‌ని ఒక్క లైన్లో తేల్చేశారు. అది చదివాక ఉండబట్టలేక రాస్తున్నా.

1987లో మా వీధి మొత్తానికీ ఒకటే టీవీ, అదీ బ్లాక్ అండ్ వైట్, హిందీ మాస్టారి ఇంట్లో ఉండేది. ఆయన కుర్చీలో, మేమంతా చాప మీద, ఎవడో ఒకడు డాబా మీద యాంటెనా పట్టుకుని. డైలాగ్ రాగానే ముందు మాస్టారు ఒక్కరే నవ్వేవారు, తర్వాత మా వైపు తిరిగి అదేంటో తెలుగులో చెప్పేవారు, అప్పుడు మేం నవ్వేవాళ్లం, ఈలోపు ఇంకో రెండు డైలాగులు వెళ్లిపోయేవి. సీరియల్ సగం చూశాం, సగం మాస్టారి నోట విన్నాం. డాబా మీద ఉన్నవాడి సంగతైతే ఇంకా అన్యాయం, వాడికి నవ్వులు మాత్రమే వినపడేవి.

మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో డీవీడీ సెట్ తెచ్చాడు. ఇప్పుడు ఆ కుర్చీలో నేను, చాప మీద నా మనవరాలు. పాజ్ బటన్ ఉంది కాబట్టి డైలాగులు పోవు, అంతే తేడా. ఆపి చెప్తా, అది నవ్వుతుంది, మళ్లీ ప్లే. ఒక్కోసారి నేను చెప్పకముందే నవ్వేస్తుంది, అందులో స్వామి అనే పిల్లాడి మొహం చూసి. టైటిల్స్ మాత్రం స్కిప్ చేయనివ్వదు, ఆర్.కె. లక్ష్మణ్ గీసిన బొమ్మలూ, ఎల్. వైద్యనాథన్ ఇచ్చిన ఆ తాననాన పాటా ప్రతి ఎపిసోడ్‌కీ పూర్తిగా అవ్వాల్సిందే. 

అసలు ఏముంది అందులో అని మా ఆవిడే అడిగింది ఒకసారి. స్వామి వాళ్ల నాన్న (గిరీష్ కర్నాడ్) పేపర్లో పులితో పోరాడిన కుర్రాడి గురించి చదివి, బలం కాదురా ధైర్యం ముఖ్యం అని క్లాసు పీకి, అంత ధైర్యవంతుడివైతే ఈ రాత్రి ఆఫీసు గదిలో ఒక్కడివే పడుకో అంటాడు. నాయనమ్మ పక్కన తప్ప పడుకోని పిల్లాడు వాడు. అర్ధరాత్రి చీకట్లో ఏదో కదిలితే దెయ్యమే వచ్చిందనుకుని బెంచీ కిందనుంచి దాని కాలు పట్టుకుని కసిక్కిన కొరికేస్తాడు, తీరా చూస్తే అది దొంగ! తెల్లారేసరికి ఊరంతా హీరో, పోలీసుల మెప్పు, స్కూల్లో పొగడ్తలు. ఆ రాత్రి మళ్లీ నాయనమ్మ పక్కనే ముసుగు తన్ని పడుకుంటాడు. అందులో ఎవరూ జోకులెయ్యరు, అందరూ చాలా సీరియస్‌గా ఉంటారు, నవ్వంతా అక్కడే. 

ఇంకోటి రోడ్డు రోలర్ కథ. లాటరీ టికెట్ కొన్న పాపానికి ఒకాయనకి ప్రైజుగా రోడ్డు రోలర్ తగుల్తుంది. కదిలించలేడు, అమ్ముకోలేడు, గ్రౌండులో పడుంటే మున్సిపాలిటీ వాళ్లు అద్దె కట్టమంటారు. గుడి ఏనుగుని తెచ్చి 50 మంది కూలీల్ని పెట్టి లాగిస్తే పోయి ఒకరి గోడకి గుద్దుకుంటుంది. చివరికి ఆ పీడ ఎలా వదిలిందో నేను చెప్పను, మీరే చూడండి. ఊళ్లో ప్రతివాడూ సలహా ఇచ్చేవాడే, రూపాయి ఇచ్చేవాడు ఒక్కడూ ఉండడు, ఇది మనూరు కాదని ఎవరైనా అనగలరా? అందుకే ఇప్పుడొచ్చే సీరియళ్లలో అత్తగారి మొహం మూడుసార్లు జూమ్ చేస్తుంటే నాకు రిమోట్ వెతుక్కోవాలనిపిస్తుంది. మాల్గుడిలో విలనే లేడు, ఒక ఎపిసోడ్ అరగంట కూడా ఉండదు.

కన్నడ నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ దీన్ని చాలావరకు కర్ణాటకలో ఆగుంబె అనే చిన్న ఊళ్లో తీశాడు, మొదటి విడత 39 ఎపిసోడ్లు. 1990లో కారు యాక్సిడెంట్‌లో పోయేనాటికి ఆయనకి 35 ఏళ్లే, తల్చుకుంటే ఇప్పటికీ బాధే. షూటింగ్ జరిగిందని శివమొగ్గ జిల్లాలో అరసాళు అనే పాత రైల్వే స్టేషన్‌ని రైల్వే వాళ్లు మాల్గుడి మ్యూజియంగా మార్చారు. స్టేషన్ బిల్డింగ్ మీదే అంత శ్రద్ధ పెట్టినప్పుడు సీరియల్‌ని ఇంకెంత బాగా చూసుకోవాలి అని నా పాయింటు.

నా దగ్గరున్న సెట్‌లో తెలుగు ఆడియో లేదు, తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఒక డిస్కు సగంలో ఆగిపోతుంది. అమ్మిన షాపే ఇప్పుడు లేదు కాబట్టి ఆ గొడవ వదిలేద్దాం. దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతిని నేను అడిగేది ఒక్కటే, పాత టేపుల్ని శుభ్రం చేసి, ఎపిసోడ్లు వరుసగా పెట్టి, తెలుగు సబ్‌టైటిల్స్ వేసి డీవీడీగానో పెన్ డ్రైవ్‌లోనో అమ్మండి, డబ్బులు పెట్టి కొనుక్కుంటాం. ఓటీటీలో చూసుకోవచ్చుగా అంటారు, అక్కడ ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉంటుందో లేదో, ఇంట్లో బీరువాలో ఉన్నది ఎక్కడికీ పోదు.

పనిలో పనిగా ఇంకోటి. సత్యం శంకరమంచి గారి అమరావతి కథల్ని శ్యామ్ బెనగల్ 90ల్లో దూరదర్శన్‌కి సీరియల్‌గా తీశారు, హిందీలో! మన కృష్ణ ఒడ్డున మన ఊరి మనుషుల కథలు మనకే హిందీ మాస్టారు పక్కనుండి చెప్తే గానీ అర్థం కాని పరిస్థితి. దానికి కూడా తెలుగు వేయిస్తే పుణ్యముంటుంది, మీ పేపర్లో ఒక ముక్క రాస్తే వాళ్ల చెవిన పడుతుందని ఆశ.

కాస్త తొందరగా చేస్తే బావుంటుందండీ, మా డీవీడీ ప్లేయర్ ట్రే ఇప్పటికే రెండుసార్లు తడితే గానీ బయటికి రావట్లేదు, దాన్ని బాగుచేసేవాళ్లు ఊళ్లో ఎవరూ మిగల్లేదు.

ఇట్లు
ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా