ఆవనూనె ‘లోరెంజో నూనె’కు బదులు కాదు

సంపాదకులు గారికి,

పర్లాకిమిడి ప్రాంతంలో ఆవనూనె వాడకం ఎక్కువ కనుక, అడ్రినోల్యూకోడిస్ట్రోఫీ (మెదడును, అడ్రినల్ గ్రంథులను దెబ్బతీసే అరుదైన వంశపారంపర్య జబ్బు) ఉన్న పిల్లలకిచ్చే ‘లోరెంజో నూనె’ అనే మందులోని ఎరూసిక్ ఆమ్లం ఆవనూనెలోనూ ఉందని విని, ఆవనూనెనే చెంచాలతో తాగించాలని కన్నవారు అనుకుంటే అది పెద్ద పొరపాటు. ఆ మందు, శుద్ధి చేసిన ఒలీయిక్, ఎరూసిక్ కొవ్వులను 4:1 పాళ్లలో కలిపి చేసినది. ఈ జబ్బులో రక్తంలో పేరుకునే అతి పొడవైన కొవ్వు ఆమ్లాలను తగ్గించినా, మెదడు దెబ్బతిన్న లక్షణాలు మొదలయ్యాక జబ్బును ఆపలేదు, పైగా రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు. చక్కగా రాసే మగపిల్లవాడి దస్తూరి చెడినా, ఎండ తగలని చిగుళ్లు సైతం నల్లబడినా అవి ఈ జబ్బు గుర్తులు కావచ్చు కనుక వెంటనే పెద్దాసుపత్రిలో చూపించాలి. తొలిదశలో మూలకణ మార్పిడికి 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద సాయం ఉంది. ఈ సంగతిని గజపతి జిల్లా ఆరోగ్య కేంద్రాల్లో ఒడియాతో పాటు తెలుగులోనూ రాయించాలని అధికారులను వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, పర్లాకిమిడి