పిల్లల నిధికి ప్రముఖుల మద్దతు గురించి

సభ్యులందరికీ నమస్కారం.

ఐక్యరాజ్యసమితి పిల్లల సహాయ నిధి (యూనిసెఫ్) కోసం జరిగే వారాంతపు కార్యక్రమాలకు ప్రముఖులు రావడం ప్రచారార్భాటం తప్ప మరేమీ కాదన్న అభిప్రాయం నిన్న ఇక్కడ వ్యక్తమైంది గనుక నాకు తెలిసిన మేరకు వివరిస్తున్నాను.

ఈ ఆనవాయితీ కొత్తది కాదు. 1954లోనే హాస్యనటుడు డానీ కే యూనిసెఫ్‌కు తొలి సౌహార్ద రాయబారి అయ్యారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినప్పుడు నెదర్లాండ్స్‌లో తానే సహాయ సామగ్రి అందుకున్న ఆడ్రీ హెప్‌బర్న్, నటిగా పేరు గడించిన తరువాత 1988లో ఇథియోపియాకూ, తన మరణానికి కొద్ది నెలల ముందు 1992లో సోమాలియాకూ వెళ్లి, అక్కడి పిల్లల ఆకలిని ప్రపంచానికి తెలియజేశారు. దీన్ని ఆర్భాటమనడానికి నాకు మనసు ఒప్పదు.

వారాంతపు కార్యక్రమాల విషయానికొస్తే బ్రిటన్‌లోని సాకర్ ఎయిడ్ మంచి ఉదాహరణ. గాయకుడు రాబీ విలియమ్స్, ఆయన మిత్రుడు జొనాథన్ విల్క్స్ 2006లో మొదలుపెట్టిన ఈ ఫుట్‌బాల్ పోటీలో నటులు, గాయకులు మాజీ ఆటగాళ్లతో కలిసి ఆడతారు. టిక్కెట్ల ద్వారా, టీవీ ప్రేక్షకుల విరాళాల ద్వారా సమకూరే సొమ్ము యూనిసెఫ్‌కు చేరుతుంది. తొలి పోటీలో మారడోనా కూడా ఆడారు. (నటుల ఆట ఎలా ఉంటుందన్నది వేరే సంగతి!)

అయితే తారలను రప్పించడానికి ఎంత ఖర్చయింది, ఆ ఖర్చు ఎవరు భరించారు అన్న ప్రశ్న న్యాయమైనదే. విరాళం ఇవ్వదలచినవారు ఆ సంస్థ వార్షిక లెక్కలు ఒకసారి చూసిన తరువాతే ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.