2024-25 వార్షిక నివేదిక: ఈ ఏడాది పనంతా బాత్‌రూమ్‌ల్లోనే

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు గుంటూరు బ్రాడీపేటలోని మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జెండా వందనాలు, వినాయక చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు ఒక్క పనికే ఇస్తున్నాను. ఇళ్లలో పెద్దవాళ్లు జారిపడి తలకు దెబ్బ తగిలించుకోకుండా చేసిన ఏర్పాట్లు అవి.

ఏటా అక్టోబరు 1న, వృద్ధుల దినోత్సవం నాడు, పెద్దలకు శాలువాలు కప్పడం మన ఆనవాయితీ. ఈ ఏడాది దాన్ని ఆపి, ఆ డబ్బు బాత్‌రూమ్ గోడకు బిగించే, పట్టుకుని లేచే కడ్డీలకు, లైట్లకు పెట్టాలని కమిటీ తీర్మానించింది. కొందరు పెద్దలు నొచ్చుకున్న మాట నిజమే. కానీ గుంటూరు ఎండల్లో శాలువా కప్పుకునే రోజులెన్ని? అది తిన్నగా బీరువాలోకి పోతుంది. గోడకు బిగించిన కడ్డీ రోజూ చేతికి అందుతుంది.

ఈ తీర్మానానికి కారణం మన లైన్లోనే జరిగిన ఒక సంగతి. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను, పేరు మాత్రం వద్దన్నారు. ఒక మామ్మగారు తలంటు పోసుకుని పీట మీద నుంచి లేస్తూ కుళాయికి తల కొట్టుకున్నారు. రక్తం రాలేదు, బొప్పి కూడా పెద్దగా కట్టలేదు. కాస్త ఐసు పెట్టి ఊరుకున్నారు. మూడు వారాలయ్యాక నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోతోందని ఆవిడే అన్నారట. ఆ తర్వాత అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆగిపోవడం, పొద్దున చెప్పిన మాటే మళ్లీ చెప్పడం మొదలైంది. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందిలే అనుకున్నారు. సీటీ స్కాన్ తీయిస్తే, పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం పేరుకుని మెదడును నొక్కుతోందని తేలింది. పుర్రెకు చిన్న రంధ్రాలు వేసి ఆ రక్తాన్ని తీసేశారు. ఇప్పుడు ఆవిడ కులాసాగా ఉన్నారు.

ఇలా ఎందుకవుతుందో మన హాల్లో జరిగిన సమావేశంలో ఒక న్యూరో డాక్టరుగారు విడమరిచి చెప్పారు. వయసు పెరిగేకొద్దీ మెదడు కొంత కుంచించుకుపోతుంది, పుర్రె మాత్రం అలాగే ఉంటుంది. మధ్యలో ఉండే సన్నటి సిరలు సాగి బిగుసుకుని ఉంటాయి కాబట్టి చిన్న కుదుపుకే తెగొచ్చు. రక్తం నెమ్మదిగా ఊరుతుంది. అందుకే లక్షణాలు బయటపడటానికి వారాలు పడుతుంది. వైద్యులు దీన్ని క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. స్టెంట్ వేయించుకుని యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారికి, వార్ఫరిన్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడేవారికి తలలో రక్తస్రావం ముప్పు ఇంకా ఎక్కువ. అలాగని భయపడి ఆ మందులు సొంతంగా మానేయకూడదు. అలాంటివారు తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నామనిపించినా ఆ రోజే డాక్టరుకు చూపించుకోవాలి. వాంతులు, పెరుగుతూ పోయే తలనొప్పి, మగత, మాట తడబడటం, ఒక పక్క కాలో చెయ్యో పట్టు తప్పడం, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. గాయం మీద కాఫీ పొడి అద్దడం, పడ్డవారిని చంకల కింద చేతులేసి అమాంతం లేవదీయడం, మత్తుగా ఉన్నవారి నోట్లో మంచినీళ్లు పోయడం మన ఇళ్లలో మామూలే. ఈ మూడూ వద్దు.

ఇక ఇళ్ల సంగతి. రమ్మన్న ప్రతి ఇంటికీ మన రిటైర్డ్ ఇంజినీరుగారు, ఇద్దరు కాలేజీ పిల్లలు, ఒక ప్లంబరు కలిసి వెళ్లారు. వాళ్ల చేతిలో టేపు, టార్చిలైటు, ఒక చెంబు. చెంబెందుకంటే, బాత్‌రూమ్ నేల మీద నీళ్లు పోసి, కాస్త సబ్బు నురగ వేసి, కాలి బొటనవేలితో రాసి చూడటానికి. పొడిగా ఉన్నప్పుడు ఏ టైలైనా మంచిదే. హాల్లో వేసిన నున్నటి టైల్సే మిగిలాయి కదా అని బాత్‌రూమ్‌లోనూ వేసిన ఇళ్లు చాలానే కనిపించాయి. అవన్నీ పగలగొట్టమని చెప్పలేం. అడుగున పట్టు ఉన్న రబ్బరు మ్యాట్, అరిగిపోయిన హవాయి చెప్పుల స్థానంలో కొత్తవి, స్నానానికి కుర్చీ ఎత్తున నిలకడగా ఉండే స్టూలు, బకెట్ కూడా ఎత్తు మీద పెట్టుకోవడం. వీటితోనే సగం ఇబ్బంది తీరుతుంది.

అన్ని ఇళ్లలోనూ కనిపించింది ఒకటుంది. పెద్దవాళ్లు లేచేటప్పుడు పట్టుకునేది తువ్వాలు వేసే రాడ్డునో, వాష్‌బేసిన్ అంచునో. ఒక ఇంట్లో ఇంజినీరుగారు రాడ్డు మీద అరచెయ్యి వేసి కొంచెం కిందికి నొక్కారు. మరలు, ప్లాస్టిక్ గొట్టాలు, టైలు ముక్కతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. ఆ ఇంటి తాతగారు రెండేళ్లుగా దాన్ని పట్టుకునే కమోడ్ మీద నుంచి లేస్తున్నారు!

అసలు కడ్డీ వేరు. మందపాటి స్టీలుది, పిడికిట్లో ఇమిడేది, అంగుళంపావు నుంచి అంగుళన్నర లావు ఉండాలి. గోడకూ కడ్డీకీ మధ్య అంగుళన్నర సందు చాలు. అంతకన్నా ఎక్కువుంటే చెయ్యి జారి మోచెయ్యి ఇరుక్కుంటుంది. ఎత్తు నేల నుంచి 33 నుంచి 36 అంగుళాలు. ఇది పుస్తకం లెక్క. మన మామ్మగార్లలో పొట్టివాళ్లే ఎక్కువ కాబట్టి, మనిషిని కమోడ్ మీద కూర్చోబెట్టి, లేవమని, చెయ్యి ఎక్కడికి వెళ్తే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి బిగించాం. ఫాస్టెనరు, అంటే కడ్డీని గోడకు పట్టి ఉంచే మర, టైలు దాటి ఇటుకలోకి దిగాలి. బిగించాక ప్లంబరు తన బరువంతా వేసి వేలాడి చూపించాకే కూలి ఇచ్చాం. గాలి తీసి గోడకు అతికించే ప్లాస్టిక్ పిడులు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. దయచేసి కొనొద్దు.

రెండో పెద్ద పని గడియలు. లోపల గడియ వేసుకున్న మనిషి తలుపుకు అడ్డంగా పడితే, లోపలికి తెరుచుకునే తలుపును బయటి నుంచి నెట్టలేం. వీలైన చోట్ల బందులు మార్చి తలుపు బయటికి తెరుచుకునేలా చేయించాం. మిగతా చోట్ల బయటి నుంచి రూపాయి బిళ్లతో తిప్పి తీసే గడియలు పెట్టాం.

నిజానికి కష్టమంతా ఒప్పించడంలోనే ఉంది. "నేనేమన్నా మంచాన పడ్డానా, నాకెందుకయ్యా ఆ కడ్డీ?" అని ఒక బాబాయిగారు ప్లంబరును గుమ్మంలో నుంచే పంపించేశారు. పిన్నిగారు తన మోకాళ్ల కోసమని చెప్పి బిగించుకున్నారు. ఇప్పుడు దాన్ని ఎక్కువ వాడేది బాబాయిగారేనని ఆవిడే చెప్పి నవ్వుతున్నారు. అమెరికాలో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో గంటసేపు జాగ్రత్తలు చెప్పడం కంటే, పక్కింటి మామ్మగారి బాత్‌రూమ్ ఒకసారి చూపించడం బాగా పనిచేసింది.

మెట్ల దగ్గర ఇంత పని జరగలేదు. పాత మేడల బయటి మెట్లకు చాలాచోట్ల ఒకవైపే పిట్టగోడ ఉంది, రెండోవైపు ఖాళీ. మనం గడపకు పసుపు రాస్తాం, అందుకే చీకట్లో కూడా గడప కనిపిస్తుంది. మెట్టు అంచుకూ అలాగే పసుపుపచ్చ పెయింటు గీత వేయించాం. రెయిలింగులు మాత్రం ఇంటివాళ్లు, అద్దెకున్నవాళ్లు తేల్చుకోలేక అలాగే ఉండిపోయాయి. పాత చీరల గుమ్మం పట్టాలు, వేసవిలో కూలర్ వైర్లు, కూలర్ కింద చేరే నీళ్లు కూడా చూసుకోండి. మిరపకాయలు ఆరబోయడానికి డాబా ఎక్కే పని, అటక మీది జాడీల కోసం స్టూలెక్కే పని డెబ్బై దాటినవారు ఇంట్లో పిల్లలకు అప్పగించాలి.

పెద్దవాళ్లు పడిపోవడం ఎక్కువగా రాత్రిపూట బాత్‌రూమ్‌కు లేచినప్పుడే జరుగుతోందని సభ్యులతో మాట్లాడినప్పుడు తెలిసింది. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా చిన్న ఎల్‌ఈడీ బల్బులు పెట్టించాం. దీంతోపాటు ఒక అలవాటు కావాలి. లేవగానే నడవకుండా మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, కాళ్లు ఆడించి, అప్పుడు లేవాలి. బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు వాడేవారికి ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. నిద్రమాత్ర మత్తుతో కూడా అంతే ప్రమాదం.

పార్కులో ఫిజియోథెరపిస్టు నేర్పే బ్యాలెన్స్ వ్యాయామాలు నడుస్తున్నాయి. మగవాళ్లు రావడం లేదు, కారణం వాళ్లే చెప్పాలి.

సర్వసభ్య సమావేశం రోజున హాల్లో ఒక మూల చేతికర్రలకు కొత్త రబ్బరు బుష్‌లు ఉచితంగా వేయిస్తున్నాం. కర్ర అడుగు తిరగేసి చూసుకోండి, బుష్ నున్నగా అరిగి ఉంటే అది వానాకాలంలో పనికిరాదు. పక్క బల్ల దగ్గర ఒక డాక్టరుగారు మందుల చీటీలు చూస్తారు. ఆయుర్వేదం, హోమియో, తలనొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి, అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకురండి.

ఇట్లు,
కార్యదర్శి